హన్మాండ్లు పాతగా చేసిన ఊరు

శుక్రవారం పొద్దున పుష్ప చపాతీలు కాగితంలో చుడుతూ మొగుణ్ణి దెప్పుతున్నది.

"దోహాల ఉన్నోళ్ళంత పోయి ఫోటోలు దిగొస్తున్నరు. కట్టినోని పెళ్ళాన్ని, నేను మాత్రం ఇంకా చూడలే. అన్న వచ్చిండు గదా, ఇయ్యాలన్న తోల్కపో."

నా చెల్లెలి మొగుడు తిరుమల్ టీ గ్లాసు మీదినుంచి తల ఎత్తలేదు. "గాడ ఏముంది? రేకులు, రంగు. అంతా ఉత్తదే."

"ఉత్తదైనా ఫ్రాన్సే గదా! అసలు ఫ్రాన్సు నువ్వు చూపిచ్చేదాంక ఆగితే నా తల నెరుస్తది."

నేను నవ్వాను. జగిత్యాల దగ్గర ఒక పల్లెలో బడిపంతుల్ని నేను. సెలవు పెట్టి చెల్లెలింటికి ఖతార్ వచ్చాను. వాళ్ళు మాట్లాడుకుంటున్నది ఒక సినిమా ఊరి గురించి. అల్ రువైస్ పోయే పెద్దరోడ్డు దిగి ఎడారిలోకి కొంత దూరం పోతే, ఏదో సినిమా కోసం ఒక చిన్న పాత ఫ్రెంచి ఊరిని కట్టారట. షూటింగ్ అయిపోయింది. ఊరు మిగిలిపోయింది. దాన్ని కట్టిన కంపెనీలో తిరుమల్ అప్పట్లో ఫోర్‌మన్.

ఆ ఊరు చూడాలని నాకు ఇంకో కారణం ఉంది. మా ఊరి హన్మాండ్లు చివరిసారి డ్యూటీ చేసింది అక్కడే.

గల్ఫ్ పోకముందు హన్మాండ్లు ఏటా ఎండాకాలం మా బడికి సున్నం వేసేవాడు. నిచ్చెన మీదినుంచి "జరుగుండ్రి సారూ, చుక్కలు పడతయ్" అని హెచ్చరించేవాడు, చుక్క నా చొక్కా మీద పడ్డాక. తిరుమలే వీసా తీసి అతన్ని ఇక్కడికి రప్పించాడు. కొన్నేళ్ళ కింద ఊరికి కబురొచ్చింది, హన్మాండ్లు కల్లివెల్లి అయ్యాడని. అంటే కంపెనీకి చెప్పకుండా పారిపోయాడని. ఆ తర్వాత ఫోను లేదు. ఎవరినో చేరదీసుకుని ఉంటాడని ఊరు అనుకున్నది.

నేను బయల్దేరేనాడు అతని భార్య భూమవ్వ బడి గేటు దాకా వచ్చింది. మా ఊళ్ళో గల్ఫ్ దేశం ఏదైనా దుబాయే. "సారూ, దుబాయ్ పోతున్నరట. మా ఆయన కనవడితె తిట్టకుండ్రి. వస్తడో రాడో ఒక్క మాట అడుగుండ్రి. రాడంటె రాడు. నా బతుకేదో నేను బతుకుత."

వచ్చిన రోజే తిరుమల్‌ను అడిగాను. "తెల్వది బావా" అన్నాడు. నమ్మాను.

మేం చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. గాలిలో సన్నటి దుమ్ము. ఎడారి మధ్యలో, చుట్టూ ఒక్క చెట్టయినా లేనిచోట, ఆ ఊరు ఉన్నది. చిన్న చౌరస్తా, రాతి ఇళ్ళు, రంగు వెలిసిన చెక్క కిటికీలు, నీళ్ళు లేనిచోట ఒక రాతి వంతెన, మధ్యలో ఎత్తయిన గడియారం గోపురం. గోడల నిండా నాచు, పగుళ్ళు, వాన కారిన మరకలు. వాన పడని నేల మీద వందల ఏళ్ళ వానకు నానిన గోడలు! దగ్గరికి పోయి వేలితో కొడితే డబ్‌డబ్‌మన్నది. లోపల అంతా బోలు.

కొత్త గోడను పాతగా చెయ్యడమే ఇక్కడ హన్మాండ్లు పని.

"మీరు చూసి రాండ్రి. నేను ఈడనే ఉంట" అన్నాడు తిరుమల్. కారు దిగలేదు. ఇంజన్ ఆపలేదు.

పుష్ప ముందు నడిచింది. వంతెన మీద ఒక ఫోటో, రొట్టెల దుకాణం బోర్డు కింద ఒక ఫోటో. నేను గోపురం దగ్గర ఆగాను. దాని అడుగున ఒక తలుపు. తీద్దామని చెయ్యి పెడితే అది బొమ్మ. గోడ మీద గీసిన తలుపు. ఊరంతా కనబడుతున్న పనితనం ఆ ఒక్కచోట లేదు. చెయ్యి తిరగనివాడెవడో తొందర తొందరగా పూసినట్టున్నది.

అప్పుడు వాసన తగిలింది. తడి రంగు వాసన.

ఏళ్ళ కింద వదిలేసిన ఊళ్ళో తడి రంగు ఎక్కడిది?

పైనుంచి, గోడ లోపలినుంచి, మెల్లగా ఒక చప్పుడు. సర్... సర్... కుంచె చప్పుడు. ఏటా ఎండాకాలం నేను వినే చప్పుడే.

"అన్నా, పైన ఎవలో పని చేస్తున్నరు" అన్నది పుష్ప.

"జరుగుండ్రి సారూ... చుక్కలు పడతయ్."

నా చేతి మీద ఒక చుక్క పడింది. పచ్చగా, నాచు రంగులో. చల్లగా ఉంది. ఆ ఎండలో... చల్లగా.

"హన్మాండ్లూ?" అని పైకి చూశాను.

సర్... సర్... ఆగింది.

"తిరుమలన్న... వచ్చిండా?"

పలకొద్దని పుష్ప చెయ్యి పట్టుకోబోయాను. అప్పటికే పలికింది. పాపం, దానికేం తెలుసు!

"వచ్చిండు! కారు కాడ ఉన్నడు. పిలువాల్నా?"

"వద్దు చెల్లే... నేనే వస్త."

గోడ లోపల ఏదో దిగుతున్నది. అడుగుల చప్పుడు కాదు. తడిసిన గోనెసంచి గోడను రాసుకుంటూ జారినట్టు... మెల్లగా... ఇంకా కిందికి... తలుపు బొమ్మ వెనక్కి వచ్చి ఆగింది.

మేం పరుగెత్తాం.

నా చేతి మీది పచ్చ చుక్కను చూడగానే తిరుమల్ మొహం పాలిపోయింది. నేను అడగకముందే వాడే గుసగుసగా మొదలుపెట్టాడు.

"గాలిదుమారం లేసింది బావా. ఆయన గోపురం లోపల పైన ఉన్నడు. నిచ్చెన ఇంకోకాడ కావల్సొచ్చి తీస్కపోయిన. ఆ మూల గానియ్, ఇప్పుడే వస్త అన్న. గంతల్నే బస్సు హారన్ కొట్టింది. ఎక్కిన. యాది మర్చిన."

"ఫోన్ చెయ్యలేదా అతను?"

"ఫోను సంచిల ఉండె. సంచి బస్సుల ఉండె. మూడు దినాలకు దుమారం తగ్గి మల్ల సైటు తెరిచినంక పోయి పిలిచిన... పలుకలే. లోపలికి చూడ ధైర్యం సాలలే. కింద సందుకు రేకు కొట్టి మూసిన. తలుపు బొమ్మ నేనే ఏసిన."

"కల్లివెల్లి అని చెప్పింది?"

"నేనే."

సెలవుకు వచ్చినప్పుడు భూమవ్వ ఇంట్లో కూర్చుని, "ఆయన గిట్ల చేస్తడనుకోలే వదినా" అని కళ్ళు తుడుచుకున్నవాడు వీడే. పక్కన కూర్చుని వీణ్ణి ఓదార్చింది నేనే.

మనం ఎక్కడినుంచి లేచినా పోతా అనం. వస్తా అంటాం. బడిలో పిల్లలకు నేనే నేర్పుతాను, పోతా అనొద్దురా, వస్తా అనాలి అని. ఆ మాట పట్టుకుని ఎవరూ ఎదురుచూస్తూ కూర్చోరు. కానీ నిచ్చెన లేని చీకట్లో ఉన్నవాడికి ఇంకేం మిగిలింది, ఆ ఒక్క మాట తప్ప?

"ఆ గోడ పగలగొట్టాలి" అన్నాను. "ఇప్పుడే. తర్వాత పోలీసుల దగ్గరికి పోదాం. ఆమెకు నిజం తెలవాలి."

తిరుమల్ తలూపాడు. "డిక్కీల గడ్డపార ఉంది. మీరిద్దరు నడువుండ్రి బావా. తీస్కొని ఎంబడే వస్త."

ఆ మాట విన్నాను. విని కూడా వెనక్కి తిరిగి నడిచాను.

టైర్ల కింద కంకర చిమ్మిన చప్పుడయ్యాక గాని అర్థం కాలేదు.

పుష్ప అరవలేదు. పరుగెత్తలేదు. దూరమవుతున్న కారును చూస్తూ నిలబడింది. "అన్నా... నన్ను గుడ ఇడిసిపెట్టి పోయిండు" అన్నది మెల్లగా.

నేను కారు వెనక అద్దాన్ని చూస్తున్నాను. దాని మీద, లోపలివైపునుంచి, ఒక పచ్చటి గీత మెల్లగా సాగుతున్నది. తిరుమల్ రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉన్నాయి.

పెద్దరోడ్డు దాకా నడిచాం. అల్ రువైస్ నుంచి చేపలు తెస్తున్న పికప్ ఒకటి ఆగింది. డ్రైవర్ ఖుత్బుద్దీన్, హైదరాబాదువాడు. "గీ ఎండల నడుస్తున్నరేంది సార్? యల్లా, ఎక్కుండ్రి" అని పుష్పకు నీళ్ళ సీసా ఇచ్చాడు. ఎంతో దూరం పోకముందే రోడ్డు పక్కన మా కారు కనబడింది.

ఇంజన్ నడుస్తున్నది. తలుపులు లోపలినుంచి వేసి ఉన్నాయి. అద్దాలన్నిటికీ లోపలివైపునుంచి రంగు పూసి ఉంది. బూడిద రంగు రాళ్ళు, రాళ్ళ మధ్య నాచు, ఒక మూలనుంచి ఇంకో మూలకు సన్నటి పగులు. ముందు అద్దం కూడా అంతే. చక్కటి పనితనం... ఎన్నో ఏళ్ళనాటి గోడ అనిపించేటట్టు.

పోలీసులొచ్చి అద్దం పగలగొట్టారు. రంగు ఇంకా తడిగానే ఉంది. తిరుమల్ లేడు. సీటు బెల్టు మాత్రం పెట్టింది పెట్టినట్టే ఉంది. సాయంత్రానికి గోపురం కూడా తెరిచారు. అందులోనూ ఎవరూ లేరు.

ఇంటికి వచ్చాక, ఎంత రాత్రయినా సరే అని, భూమవ్వకు ఫోన్ కలిపాను. చెప్పాల్సిన మాటలు ముందే కూడబలుక్కున్నాను. పుష్ప కూడా వినాలని స్పీకర్ పెట్టాను.

"భూమవ్వా, హన్మాండ్లు పారిపోలేదమ్మా..."

"ఎరుకే సారూ!" అని నవ్వింది. ఆమె నవ్వు విని ఎన్నేళ్ళయిందో. "ఇప్పుడే మాట్లాడిండు. దుబాయ్ నంబరే. డ్యూటీ అయిపోయింది, బయల్దేరిన అన్నడు."

స్పీకర్ ఆపుదామని చెయ్యి చాపాను. అప్పటికే ఆమె మళ్ళీ అందుకున్నది.

"ఎంబడి ఒకాయనను తోల్కొస్తున్నడట. ఇద్దరికి బువ్వ వండి పెట్టుమన్నడు. పొయ్యి మీద ఎసరు పెట్టిన సారూ. గని ఒక్క మాట... ఆయన మాట్లాడుతుంటె ఎనుక ఆ రెండో మనిషి ఒక్కతీరుగ ఏడుస్తున్నడు. ఎవలు సారూ ఆయన?"

ఎదురుగా కూర్చున్న పుష్ప నా మొహంలోకే చూస్తున్నది.