సున్నం అడిగే కిటికీ

ముందు మీరు చెప్పండి. కావు అని మనం పిలిచే దేవతల తోపు దారి మలుపులో, ఆ పెంకుటింటి వెనకగది కిటికీలో మీరేం చూశారు? తెల్లబట్ట, విరబోసిన జుట్టు... అంతేనా? దగ్గరికెళ్లి చూశారా? లేదు. పరుగెత్తారు.

మా వైపు యక్షి అనే ఆడదెయ్యం చీకటిపడ్డాక దారికడ్డంగా నిలబడి, "కాస్త సున్నం ఉందా?" అని అడుగుతుందంటారు. ఇచ్చినవాడి గోళ్లూ వెంట్రుకలే మిగులుతాయట. ఆ కిటికీ కూడా సున్నమే అడిగేది. అందుకే సందె వాలితే అటు నరపురుగు తిరిగేది కాదు.

జిన్సి నా దగ్గర నర్సింగ్ చదివే పిల్ల. ఇంటింటికీ వెళ్లి క్యాన్సర్ రోగుల్ని చూసే మా బండిలోనే నేను పాఠం చెప్పేదాన్ని. ఆ రోజు నేను లేను. జరిగింది తనే చెప్పింది.

చీకటిపడే వేళ, సరిగ్గా ఆ మలుపులోనే బండి టైరు పోయింది.

"దిగు ఇక్కా, టైరు దానంతటదే ఎక్కదు," అంది జిన్సి. ముస్లిం అన్నల్ని మా వైపు ఇక్కా అంటారు.

డ్రైవర్ అస్సైనార్ కదల్లేదు. "యక్షికి మగాళ్లే కావాలి అమ్మాయీ. నీకేం భయం? నువ్వే దిగు!"

అప్పుడు వినబడింది...

"కాస్త... సున్నం..."

జిన్సి గాలి వాసన చూసింది. యక్షి ఉన్నచోట, అది కాపురముండే ఏడాకుల పాలచెట్టు పూల వాసన రావాలి. ఇక్కడ అగరొత్తులు. వాటి కింద ఇంకో వాసన — వార్డులో ఎరిగినదే. కుళ్లిన పుండు.

దెయ్యానికి పుండు పడుతుందా?

మందుల సంచీ లాక్కుని నడిచింది.

"పోకు..." అస్సైనార్ బండి అద్దం ఎక్కించేశాడు.

చువ్వల వెనక ఒక మనిషి. దేవయాని. రొమ్ము క్యాన్సర్. చెయ్యి పైకి లేవదు, జడ వేసేవాళ్లు లేరు. ఈగలు వాలకుండా, కంపు తగ్గాలని పుండు చుట్టూ సున్నం రాసుకుంటోంది!

"మండదా అక్కా?"

"మండుతుంది. వాసనొస్తే మా వదిన అన్నం గుమ్మంలోనే పెట్టి పోతోంది మరి."

ఇంతలో వాళ్ల అన్న వచ్చాడు. "వెళ్లిపో! యక్షి అని నేనే చెప్పాను ఊరికి. ఈ రోగం మా వంశంలో ఉందని తెలిస్తే నా కూతురికి సంబంధాలొస్తాయా?"

"యక్షే అయితే నన్నే తింటుందిలెండి. తలుపు తియ్యండి," అంది జిన్సి.

తీసేదాకా కదల్లేదు. ఉప్పునీళ్లతో పుండు కడిగింది. నాకు ఫోన్‌చేసి అడిగి, వాసన చంపే మాత్రలు నూరి చల్లింది. జడ వేసింది. మర్నాడు డాక్టరు రాసిన మార్ఫిన్ నేను పట్టుకెళ్లాను.

స్టూడెంటు ఒంటరిగా ఎందుకెళ్లిందని కాలేజీవాళ్లు సంజాయిషీ అడిగారు. నేనే ఇచ్చాను — "నేర్పింది నేను. మళ్లీ నేర్పుతాను."

దేవయాని ఇప్పుడు రాత్రిళ్లు నిద్రపోతోంది. నయం కాదని ఆమెకు తెలుసు. రేపు సాయంత్రం అరుగుమీద కూర్చుంటుందట. దారినపోయేవాళ్లతో మాట్లాడాలని ఉందట.

మీరు అటు వస్తారా?