ఇసుక మూటకు బదులు బావ

బయట వాన. మధ్యాహ్నం మూడింటికే దీపాలు పెట్టాల్సి వచ్చింది. షట్టరు సగం దించేసి, స్పానరమ్మ కారు కింది గుంతలోకి దిగింది. ఆమె అసలు పేరు ఆ గ్యారేజీలో ఎవరికీ గుర్తులేదు. కడుపులోంచే స్పానరు పట్టుకుని వచ్చిందనేవాడు వాళ్ల నాన్న. ఆయనా మెకానిక్కే. ఆ మాటే పేరై అతుక్కుపోయింది.

గుంత మీద ఎర్ర రేసు కారు. దాని యజమాని, స్పానరమ్మ అక్క మొగుడు, పక్కనే నిలబడి ఈల వేస్తున్నాడు. తెల్లారితే పందెం. మలుపుల్లో కారు వెనక భాగం తోకాడిస్తోందని, వెనక చక్రాలను పట్టి ఉంచే ఆర్ములు తీసేసి స్పానరమ్మ గట్టివి వేసింది. వాటి చివర్ల రబ్బరు బుష్‌లూ కొత్తవే. "మీ బావ ముక్కలైతే నువ్వే అతికించాలి" అని అక్క పొద్దున్నే దీవించి పంపింది.

ఇక బోల్టులు బిగించాలి. కిటుకంతా అక్కడే. చక్రాలు గాల్లో వేలాడుతుంటే బిగించకూడదు. కారు నేలకు దిగగానే రబ్బరు మెలితిరిగి చిరుగుతుంది. అందుకే చక్రాల కింద తూకం పలకలు పెట్టి, డ్రైవరెంత ఉంటాడో అంత బరువు ఇసుక మూటలు సీట్లో వేసి, అప్పుడు బిగించాలి. ఏ బరువు మీద బిగిస్తే రబ్బరు ఆ బరువుకే అలవాటు పడుతుంది.

"మూటలే వెయ్యి. మనిషిని మాత్రం కూర్చోబెట్టకు" అనేవాడు నాన్న. ఎందుకని అడిగితే మాట మార్చేసేవాడు.

తీరా చూస్తే రెండు మూటలు వానకు నాని పిగిలిపోయాయి.

"నేనుండగా మూటలెందుకు మరదలా? మీ అక్క పదేళ్లుగా నన్ను మూటనే అంటోంది."

"మూటలు నోరు మూసుకుని కూర్చుంటాయి బావా. నీకా భాగ్యం లేదు."

నవ్వుతూనే ఎక్కమంది. గుంత అంచున ఉన్న తూకం మీటరు వెయ్యినూట ఇరవై నుంచి పన్నెండొందలకు చేరింది. సరిగ్గా ఎనభై కిలోల బావ. నాలుగు బోల్టులూ బిగించింది. చివరిది బిగుస్తుంటే రబ్బరు మూలిగింది. కొత్త రబ్బరు కదా, అనుకుంది.

"అయింది. దిగు బావా."

తలుపు చప్పుడైంది. మీటరు మాత్రం పన్నెండొందల దగ్గరే ఉంది.

"దిగావా లేదా?"

"దిగి నీ నెత్తిమీదే నిలబడ్డాను. కళ్లు ఎవరికైనా అరువిచ్చావా?"

నిజమే. గుంత అంచున అతని బూట్లు కనిపిస్తున్నాయి. కానీ కారు లేవలేదు. లోపల ఎవరో కూర్చున్నట్టే, డ్రైవరు వైపుకు ఒరిగి ఉంది.

"ఏం చేశావో గానీ, ఒళ్లు దూదిపింజలా ఉంది మరదలా!" అంటూ అక్కడున్న రేకు మీద గెంతాడు బావ.

చప్పుడు రాలేదు.

ఆమె చెయ్యి చాచి అతని చెయ్యి పట్టుకుంది. దండెం మీద ఆరిన చొక్కాను పట్టుకున్నట్టుంది.

"బావా... మళ్లీ ఎక్కు."

"ఏమైందే?"

"ఎక్కమన్నానా! బెల్టు పెట్టుకో. కదలకు."

పైన బెల్టు టక్కుమంది. మీటరు కదల్లేదు.

మొదటి బోల్టు వదులు చేసింది. పదకొండొందల ఎనభై. రెండోది. పదకొండొందల అరవై. రబ్బరులోంచి వెచ్చటి వాసన... జ్వరంలో ఉన్న మనిషి ఊపిరిలా. బరువు వదులుతోంది. బావ బరువు బావకు తిరిగి వచ్చేస్తోంది. మూడోది. నాలుగోది...

కారు నిట్టూర్చి పైకి లేచింది.

వెయ్యినూట ఇరవై.

హమ్మయ్య అనబోయి ఆగిపోయింది. బావ లోపలే ఉన్నాడు. బరువు అతనికే తిరిగొస్తే అంకె తగ్గకూడదు.

"బావా?"

వాన తప్ప ఏమీ వినిపించలేదు.

"బావా... మాట్లాడవేం..."

మెట్లు ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు. కారు తలుపు మూసే ఉంది. అద్దంలోంచి చూసింది. సీటు ఖాళీ. బెల్టు మాత్రం తగిలించే ఉంది. అది వదులుగా సీటు మీద పడి లేదు. ఒక ఛాతీ చుట్టూ ఒంపు తిరిగినట్టు, గాల్లో బిగిసి ఉంది.

ఆమె చూస్తుండగానే ఆ ఒంపు మెల్లిగా పైకి లేచింది. మెల్లిగా దిగింది.

మళ్లీ లేచింది.