సమ్మతి తాళం

2068 మార్చిలో ఒక ఉదయం, విశాఖ తీరాన నీటి ట్రాము దిగిన ఇంజనీరింగ్ పిల్లల చేతుల్లో ఒక్క పుస్తకం కూడా లేదు. ఒకడి చేతిలో కృత్రిమ చెవి. ఇంకొకత్తె చేతిలో, గాజు డబ్బాలో తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్న గుండె కవాటం. వరూధిని చేతిలో మాత్రం ఐసు బకెట్!

ఆ రోజుల్లో బయోమెడికల్ చదివేవాళ్ళకి రాత పరీక్షతో డిగ్రీ వచ్చేది కాదు. ముగ్గురేసి జట్టు కట్టాలి. ఒక రోగిని వెతుక్కోవాలి. ఏడాది పాటు ఆ ఇంటి చుట్టూ తిరిగి, ఆ మనిషికి కావలసిన వస్తువు ఒక్కటి తయారుచెయ్యాలి. ఆఖరి రోజున రోగి నిండు సభలో "పనికొచ్చింది" అనాలి. ఆ మాట వస్తే పాసు. రాకపోతే మళ్ళీ మొదటికి.

వరూధిని జట్టుకి దొరికిన రోగి నూకరత్నం. పన్నెండేళ్ళ పిల్ల. సికిల్ సెల్ జబ్బు. కొడవళ్ళలా వంగిపోయిన ఎర్రకణాలు సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటే, ఎముకల్ని లోపల్నుంచి రంపంతో కోసినట్టుండే నొప్పి. లోకమంతటికీ పనిచేసిన జన్యుచికిత్సను రత్నం ఒళ్ళు రెండుసార్లు తిప్పికొట్టింది. నొప్పి వచ్చిన రోజున తల్లి సన్యాసమ్మ భీమిలి నాచుతోటల్లో పని మానేసి, కూతురి కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. జట్టు మొదటిసారి ఇంటికి వెళ్ళి "మీకేం కావాలి?" అనడిగితే ఆవిడ ఒక్కటే మాట చెప్పింది.

"దాని నొప్పి నాకెట్టీండమ్మా. ఇంకేటీ వొద్దు."

తల్లులందరూ అనే మాటే. కానీ జట్టులో సర్క్యూట్లు చూసే ఫణీంద్ర దాన్ని మాటగా వదిలెయ్యలేదు.

అలా పుట్టింది 'వ్యథావాహిని'. ఆ బరువైన పేరు వాళ్ళకి పాఠాలు చెప్పే జోగారావు మాస్టారు పెట్టారు. పిల్లలు 'జోడు' అని పిలుచుకునేవారు. ఒకేలాంటి రెండు మణికట్టు పట్టీలు. నొప్పిని అణిచే ప్రతితరంగాన్ని యంత్రాలు ఎప్పటి నుంచో తయారుచేస్తున్నాయి. కానీ మెదడు గట్టిపిండం. కాసేపట్లోనే అది దొంగ తరంగమని పసిగట్టి బయటికి నెట్టేస్తుంది. ఇంకో మనిషి బతికున్న నాడిలోంచి వచ్చిన తరంగాన్ని మాత్రం నమ్ముతుంది. అందుకని ఒక పట్టీ నొప్పిని చదివి రెండో పట్టీకి పంపుతుంది. ఆ రెండో మనిషి సగం నొప్పి అనుభవిస్తే, మొదటి మనిషికి సగం తగ్గుతుంది.

"రేపు డబ్బున్నవాడు కూలికి మనిషిని పెట్టుకుని తన పంటినొప్పి వాడికి అంటగడితే?" అని వరూధిని భయపడింది. ఆ భయంలోంచి వచ్చిందే సమ్మతి తాళం. చర్మం మీది చెమట, నాడి వేగం, కండరాల బిగువు చూసి, ఒళ్ళు నిజంగా ఒప్పుకుంటేనే తెరుచుకుంటుంది. నోరు అబద్ధమాడగలదు. చర్మం ఆడలేదు.

ఆరు నెలలు ముగ్గురూ ఒకళ్ళ మీద ఒకళ్ళు పరీక్షించుకున్నారు. ఫణి ఐసు బకెట్లో చెయ్యి ముంచి, "పుచ్చుకో తల్లీ, నా పాపాలన్నీ నీకే!" అనేవాడు. పట్టీలు కుట్టే షబానా "చచ్చావురా ఇవాళ" అంటూ చెయ్యి విదిలించి, వెంటనే తన వంతుకి బకెట్ లాక్కునేది. తాళం ఒక్కసారి కూడా మొరాయించలేదు.

ఆ మార్చి ఉదయమే ఆఖరి రోజు. సభ నిండిపోయింది. రత్నానికి పొద్దుటి నుంచే తొడ ఎముకలో నొప్పి. ఐసు బకెట్ అవసరం లేకపోయింది. పంటి బిగువున కూర్చున్న పిల్ల చేతికి షబానా ఒక పట్టీ కట్టింది. రెండోది సన్యాసమ్మ చేతికి.

తెర మీద ఎర్రటి అక్షరాలు.

'పుచ్చుకునేవారి సమ్మతి లేదు.'

ఫణి పట్టీలు విప్పి మళ్ళీ కట్టాడు. మళ్ళీ అదే.

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. "తల్లి మనసు బయటపెట్టిందిరోయ్ మెషీను!"

సన్యాసమ్మ పట్టీ ఉన్న చెయ్యి చెంగు కింద దాచుకుంది.

"నాను వద్దన్నేదు బాబూ," అంది ఫణితో. "ఒట్టు. నా పిల్ల నొప్పి నాకు బరువా? ఆ పెట్టికి నువ్వు సెప్పు."

డిగ్రీ పోతే పోయింది అనుకుంది వరూధిని. ఏడాది పాటు తమకి చారన్నం పెట్టిన మనిషిని నిండు సభలో దోషిని చేసి నిలబెట్టింది తన తాళం! గబగబా తెర వెనక అంకెలు తెరిచింది. సన్యాసమ్మ చర్మం, నాడి, కండరం అన్నీ పచ్చగా ఉన్నాయి. ఇంత నిండైన ఒప్పుకోలు తమ ముగ్గురిలో ఏనాడూ కనిపించలేదు.

మరి ఎరుపు ఎక్కడిది?

"ఫణీ, తాళం రెండు పట్టీల్లోనూ ఉంది కదా?"

"ఉంది. రెండూ ఒకటే సర్క్యూట్ కాబట్టి."

"మరి ఇచ్చేవాళ్ళ వైపు మూసుకుంటే తెర మీద ఏం వస్తుంది?"

ఫణి నుదురు కొట్టుకున్నాడు. "వేరే మెసేజ్ రాయలేదే! ఇవ్వడానికి మనలో ఎవడు మొహమాటపడ్డాడు గనక?"

వరూధిని రత్నం ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "అమ్మకి ఇవ్వడం ఇష్టం లేదా రత్నం?"

పిల్ల తలెత్తలేదు. "ఉప్పునీళ్ళల్లో నిలబడి నిలబడి మాయమ్మకి మోకాళ్ళు పోనాయి. రేతిరి మూలుగుద్ది. నేను పడుకున్నాననుకుంటాది. ఇప్పుడు నాదీ ఎందుకక్కా అమ్మకి?"

సన్యాసమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది.

ఫణి నిలబడే ఇచ్చేవాళ్ళ వైపుకి వేరే వాక్యం రాసి, కట్టిన పట్టీలకీ విడిగా ఉంచిన రెండో జోడుకీ ఎక్కించాడు. తర్వాత సన్యాసమ్మ చేతి పట్టీ విప్పి తను కట్టుకున్నాడు.

"పోనీ నాకిస్తావా?"

రత్నం మొదటిసారి తలెత్తింది. అంత నొప్పిలోనూ కళ్ళు మెరిశాయి.

"మొన్న గవ్వలాటలో తొండి చేసినావు కదా?"

"చేశాను."

"అంతకు ముందు కూడానా?"

"ప్రతిసారీ."

"అయితే నీకిస్తాను!"

తాళం టక్కున తెరుచుకుంది. ఫణి కుర్చీ చెయ్యి పట్టుకుని కూలబడ్డాడు. ఐసు బకెట్ దీని ముందు చన్నీళ్ళ స్నానం! ఈ పిల్ల ఇన్నేళ్ళూ దీనికి రెట్టింపు మోస్తూ గవ్వలాడిందా? రత్నం నెమ్మదిగా కాలు చాపింది. మడిచింది. మళ్ళీ చాపి చూసుకుంది.

"పనికొచ్చింది," అంది.

చప్పట్లు మోగాయి. బయటి నుంచి వచ్చిన పరీక్షకురాలు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. సన్యాసమ్మ మాత్రం అవేవీ పట్టించుకోలేదు. బల్ల మీదున్న రెండో జోడు తీసుకుని తిన్నగా ఫణి దగ్గరికొచ్చింది.

"ఒకటి నీకు, ఒకటి నాకు కట్టించు బాబూ. అది నీకిచ్చింది కదా? నీ వాటాలో సగం నాకివ్వు. నువ్వు ఎవరి బిడ్డవో, నా పిల్ల కోసం నీకెందుకీ బాధ?"

షబానా కట్టింది. ఫణి పెదవి కరుచుకుని సన్యాసమ్మ మొహంలోకి చూశాడు. అటు నుంచి కళ్ళు తిప్పుకున్నాడు.

తెర మీద కొత్త వాక్యం వెలిగింది.

'ఇచ్చేవారి సమ్మతి లేదు.'

"ఛార్జింగ్ అయిపోయినట్టుంది పిన్నీ," అన్నాడు ఫణి.

సన్యాసమ్మ తెర మీది అక్షరాలు కూడబలుక్కుని చదివింది.

"తొండి బాబువే నువ్వు," అంది, చీర చెంగుతో అతని నుదుటి చెమట తుడుస్తూ.