తన్మయి చేసుకున్న కత్తి

బెల్ట్ ఆగిపోయింది.

అంతదాకా రయ్యిమని తిరుగుతూ రవ్వలు చిమ్మిన గ్రైండర్, తన్మయి చేతిలోని ఉక్కు పట్టీ ఇంకా దానికి ఆనుకుని ఉండగానే చప్పుడు మానేసింది. పైన ఎర్ర లైటు వెలిగింది. వరసలో నిలబడ్డ జనమంతా ఒక అడుగు వెనక్కి వేశారు. అందరికంటే ముందు వేసినవాడు ఆమె మొగుడు వంశీధర్.

పాపం, అతన్నీ పూర్తిగా తప్పు పట్టలేం. ఆ ఎర్ర లైటుకి అర్థమేమిటో బెజవాడలో చంటిపిల్లల్ని అడిగినా చెబుతారు. ఈ మనిషి కడుపులో ఎవరి మీదో కసి ఉంది, ఈ చేతికి కత్తి ఇవ్వకండి అని.

కత్తిపోట్లు ఎక్కువైపోయి జనం బెంబేలెత్తిన రోజుల్లో ప్రభుత్వం కత్తుల చట్టం తెచ్చింది. కొట్లలో కత్తులు అమ్మకూడదు. ఇళ్ళలో ఉన్నవన్నీ, అమ్మమ్మల నాటి కత్తిపీటలతో సహా, అప్పగించెయ్యాలి. కత్తి కావాలంటే ఎవరి కత్తి వాళ్ళే ఆటోనగర్ పబ్లిక్ వర్క్‌షాప్‌కి వచ్చి, బెల్ట్ గ్రైండర్ మీద అరగదీసి చేసుకోవాలి. వంకాయ కొయ్యడానికి ఇంత రాద్ధాంతమా అని ఊరంతా ముక్కున వేలేసుకుంది. అయితే కిటుకంతా ఆ గ్రైండర్‌లోనే ఉంది.

మామూలు గ్రైండర్ అంటే ఏముంది? ఒక మోటారు, రెండు మూడు చక్రాలు, వాటి మీద తిరిగే గరుకు కాగితం లాంటి బెల్ట్. ఉక్కు పట్టీని దానికి ఆనిస్తే అరిగి పదునెక్కుతుంది. ఇక్కడ మాత్రం చేతులు ఆనించే పలక కింద సెన్సర్లు పెట్టారు. కంటికి కనిపించని వణుకు చేతుల్లో ఎంతుందో అవి చదువుతాయి. కోపం తాలూకు వణుకు కనబడితే సాఫ్ట్‌వేర్ బెల్ట్‌ని ఆపేస్తుంది. కాగితాల మీద దాని పేరు ‘స్టెడీహ్యాండ్’. ఊళ్ళో మాత్రం మనసు మిషన్ అంటారు.

దాన్ని కనిపెట్టిన డాక్టర్ షమీమ్ అక్కడే ఉంది. జుట్టంతా నెరిసిన మనిషి, వర్క్‌షాప్‌లో కొత్తవాళ్ళకి తనే నేర్పుతుంది.

“ఏం ఫరవాలేదమ్మా, కొన్నాళ్ళు ప్రాక్టీసు గ్రైండర్ మీద చెయ్యి పట్టు కుదిరాక మళ్ళీ రండి,” అంది తన్మయితో.

“రవ్వలు మీదికి వస్తుంటే భయమేసిందండీ,” అంది తన్మయి. కళ్ళద్దాలు తీసి, వణుకుతున్న వేళ్ళని చీర కొంగుకి తుడుచుకుంది.

పక్కింటి సుగుణ పిన్ని వంశీధర్ చెవిలో గుసగుసలాడింది. “రవ్వలకి భయమా? ఇరవయ్యేళ్ళ నుంచి పొయ్యి దగ్గర నిలబడే పిల్లకి? నాకెందుకులే అబ్బాయ్, నీ జాగ్రత్తలో నువ్వుండు.”

అంతే! వంశీధర్ బుర్రలో పురుగు తొలవడం మొదలైంది.

ఆ మొగుడూ పెళ్ళాలకి గవర్నర్‌పేటలో ‘వంశీ మెస్’ ఉంది. పేరు అతనిది, వంట ఆవిడది. కౌంటర్ దగ్గర కూర్చుని ఫోన్లు ఎత్తడం, వచ్చినవాళ్ళని పలకరించడం అతని పని. కత్తులు పోయిన దగ్గర్నుంచి ప్యాకెట్లలో వచ్చే తరిగిన కూరలతో నెట్టుకొస్తున్నారు. ఆ కూరల్లో పసా లేదు, వాసనా లేదు. అలవాటైన జనం కూడా ఒకళ్ళొకళ్ళే జారుకుంటున్నారు. తన్మయి కత్తి చేసుకొస్తే మెస్ మళ్ళీ కళకళలాడుతుందని ఇద్దరూ కలిసే వెళ్ళారు, తీరా చూస్తే ఎర్ర లైటు నెత్తిన పెట్టుకుని తిరిగొచ్చారు.

మర్నాడు భోజనానికి కూర్చున్నాడు. ఆవిడ సాంబారు వడ్డించింది. అతను గిన్నెలోకి తొంగిచూశాడు, వాసన చూశాడు.

“ముందు నువ్వు రెండు ముద్దలు తిను.”

“నాకింకా ఆకలి లేదండీ.”

“ఆకలి లేదా, తినవా?”

తన్మయి అతని మొహంలోకి ఒకసారి చూసి, అతని కంచంలోంచే ముద్ద కలుపుకుని తినేసింది. “ఉప్పు కొంచెం తగ్గింది. అంతకుమించి ఇంకేం లేదు,” అని నీళ్ళు తాగి లేచిపోయింది. సిగ్గుపడాల్సిన వంశీధర్ సిగ్గుపడకపోగా, ఇంత ధైర్యంగా తిన్నదంటే దీనికి ఇంకో ఎత్తేదో ఉండి ఉంటుందనుకున్నాడు. అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా!

ఇక అక్కడినుంచి అతని కాపలా చూడాలి. ఆవిడ ఫోన్లో నవ్వితే ఎవరితో నవ్విందో కావాలి. నవ్వకపోతే ఎందుకు నవ్వలేదో కావాలి. మెస్‌కి వచ్చేవాళ్ళు కూడా డబ్బులిస్తూ, “ఏం వంశీ, ఎవరి మీదంటావ్ ఆ కోపం?” అని పుల్ల పెట్టి పోయేవాళ్ళు. నవ్వడానికి నోరు తెరిచినా అతనికి లోపల దడదడలాడేది.

దడ ఎందుకంటే, గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అతని భుజాన దుమ్ము ఉంది మరి. కిందటేడు ఏలూరు నుంచి ఒక కాలేజీ క్యాంటీన్ వాళ్ళు ఫోన్ చేశారు. మెస్‌లో తిని వెళ్ళి, ఆ చేతి వంట మరిచిపోలేక, వంటిల్లంతా తన్మయి చేతిలో పెడతాం, పేరు కూడా ఆవిడదే పెడతాం రమ్మన్నారు. ఆ ఫోను ఎత్తింది వంశీధర్. “మా ఆవిడకి ఇష్టం లేదండీ,” అని ఆవిడ తరఫున తనే చెప్పి పెట్టేశాడు. ఆ సంగతి ఇంతవరకూ ఆవిడతో అనలేదు. ఇప్పుడా ఎర్ర లైటు వెలిగేసరికి, ఇది తెలిసే రగిలిపోతోందా అన్న అనుమానం పట్టుకుంది.

ఆగలేక ఒక పొద్దున వర్క్‌షాప్‌కి వెళ్ళాడు. డాక్టర్ షమీమ్ ఏదో బెల్ట్ మారుస్తోంది.

“మేడమ్, ఆవిడ కోపం ఎవరి మీదో మీ మిషన్‌లో రికార్డయి ఉంటుంది కదా. ఒక్కసారి చూసి చెబుదురూ.”

“దానికి పేర్లు తెలియవు వంశీధర్ గారూ. చెయ్యి ముందుకి పోవాలనుకుంటుంది, మనసు వెనక్కి లాగుతుంది. ఆ పెనుగులాట వణుకై బయటపడుతుంది. మిషన్ చదివేది ఆ వణుకునే.”

“అంటే కోపమే కదా?”

“భయంలో కూడా అదే పెనుగులాట ఉంటుంది. ఆ రెంటినీ విడదీసి చూడటం దానికింకా పూర్తిగా చేతకాదు. కొత్తవాళ్ళు చాలామంది మొదటిసారి ఆగిపోతారు. మీ ఆవిడ రవ్వలకి భయపడ్డానన్నది, అది నిజమే అయి ఉంటుంది.” ఆవిడ చేతులు తుడుచుకుంటూ అతన్ని పరీక్షగా చూసింది. “అయినా మీ మీదేనని మీకెందుకు అనిపించింది? మీరేం చేశారు?”

“నేనా? నేనేం చేస్తాను!” అని గబగబా చెప్పులేసుకుని వచ్చేశాడు.

దారి పొడుగునా ఒకటే ఆలోచన. తను చేసిన మిషన్‌కి చేతకాదని తనే చెబుతుందా ఎక్కడైనా? ఆడవాళ్ళిద్దరూ ఏదో మాట్లాడుకున్నారు, ఈవిడ దాన్ని కప్పిపుచ్చుతోంది. నిజం కళ్ళ ముందుకొచ్చి నిలబడ్డా సరే, అతను దాని జేబులు తడిమి చూసే స్థితికొచ్చాడు.

ఇంటికొచ్చేసరికి తన్మయి వంటింట్లో నేల మీద కూర్చుని చింతపండు పిసుకుతోంది. అతను గుమ్మంలోనే నిలబడ్డాడు.

“ఇంక నాటకాలొద్దు తన్మయీ. నీకు తెలిసిపోయింది కదూ?”

“ఏం తెలిసిపోయిందండీ?”

“అదే, ఏలూరు సంగతి. ఎవరు చెప్పారు నీకు? ఆ క్యాంటీన్ వాళ్ళే మళ్ళీ ఫోన్ చేశారా?”

తన్మయి చెయ్యి చింతపండు రసంలో అలాగే ఉండిపోయింది. “ఏ క్యాంటీన్ అండీ?”

అప్పుడు తెలిసింది అతనికి, ఆవిడకేమీ తెలియదని. ఏదో కప్పిపుచ్చబోయాడు, మాట మాటకీ పొంతన కుదరలేదు. ఆవిడ ఒక్కొక్క ప్రశ్నే నెమ్మదిగా అడిగింది. ఎప్పుడు అడిగారు, ఏమన్నారు, పేరు ఎవరిది పెడతామన్నారు, మీరేం చెప్పారు. అంతా రాబట్టి, చెయ్యి కడుక్కుంది.

“నాకు ఇష్టం లేదని చెప్పారా,” అంది. “సరేలెండి.”

ఏడవలేదు, అరవలేదు. అతను ఎంత భయపడ్డాడో అంత తేలిగ్గా అయిపోయింది. హమ్మయ్య అనుకోవాలా, వద్దా? ఆ ‘సరేలెండి’ అతనికి ఏమాత్రం నచ్చలేదు.

అప్పట్నుంచి తన్మయి రోజూ వంట దింపి వర్క్‌షాప్‌కి వెళ్ళేది, సెన్సర్లు లేని ప్రాక్టీసు గ్రైండర్ మీద నేర్చుకోవడానికి. వంశీధర్ కూడా కౌంటర్ వదిలేసి వెళ్ళి, ఇనప బీరువా చాటున నిలబడి చూసేవాడు.

“మోచేతులు పక్కటెముకలకి ఆనించండమ్మా,” అనేది డాక్టర్ షమీమ్. “చేతులు కదపకండి, నడుం కదపండి. పిడి వైపు మొదలుపెట్టి మొనదాకా ఒకటే ఊపు. మధ్యలో ఆగితే అక్కడ గుంట పడుతుంది.”

మొదట్లో గుంటలే పడ్డాయి. మొన దగ్గరకొచ్చేసరికి గట్టిగా నొక్కేసేది, ఉక్కు వేడెక్కి నీలం తిరిగిపోయేది. నీలం తిరిగిన చోట పదును నిలవదని ఆ పట్టీ పక్కన పడేసి, ఇంకోటి తీసుకునేది. నొక్కకుండా ఆనించడం వచ్చింది. వేళ్ళకి వేడి తగలగానే బకెట్లో ముంచడం అలవాటైంది. ఇటు ఒకసారి, అటు ఒకసారి, రెండు వైపులా సమంగా అరగదీసి, గరుకు బెల్ట్ తీసి నున్నటి బెల్ట్ ఎక్కించుకోవడం కూడా తనే చేసుకునేది. రవ్వలు ఇప్పుడు చేతుల మీద పడినా, వాన తుంపర పడ్డట్టు పట్టించుకునేది కాదు.

ఇంట్లో కూడా అంతే నెమ్మది. కాఫీ వేళకి కాఫీ, భోజనం వేళకి భోజనం. అడిగిందానికి జవాబు. ఒక్క వంకర మాట లేదు. కనీసం గిన్నెలైనా చప్పుడు చెయ్యకపోతే ఎలా అని వంశీధర్ తెగ బాధపడిపోయాడు. ఒకరోజు కావాలని పప్పులో ఉప్పు ఎక్కువైందన్నాడు. “అయ్యో, అవునా అండీ,” అని ఆవిడ ఇంకో గిన్నెలో మజ్జిగ పులుసు తెచ్చి పెట్టింది. తిట్టని పెళ్ళాన్ని చూసి అతను లోలోపల వణికిపోయాడు.

చివరికి పరీక్ష రోజు వచ్చింది. వంశీధర్ ముందుగానే అరకేజీ బూందీ లడ్డూలు కొని సంచిలో పెట్టుకున్నాడు. మళ్ళీ ఎర్ర లైటు వెలిగితే ఆ లడ్డూలు ఏం చెయ్యాలో తెలియక చెమటలు పోశాయి.

తన్మయి మనసు మిషన్ ముందు నిలబడింది. కళ్ళద్దాలు పెట్టుకుంది, పలక మీద చేతులు ఆనించింది, మోచేతులు పక్కటెముకలకి చేర్చింది. బెల్ట్ రయ్యిమంది. జనం ఊపిరి బిగబట్టారు. పిడి వైపు నుంచి మొనదాకా ఒక ఊపు, నీళ్ళలో ముంచడం, మళ్ళీ అటువైపు ఒక ఊపు. బెల్ట్ ఎక్కడా తడబడలేదు. ఆవిడ చేతుల్లో ఒక్క నరం కదల్లేదు. మొహంలోనూ ఏమీ లేదు. ఆఖరి ఊపు అయ్యాక పచ్చ లైటు వెలిగింది.

వర్క్‌షాప్ అంతా చప్పట్లు కొట్టింది. వంశీధర్ అందరికంటే గట్టిగా కొట్టాడు. కళ్ళమ్మట నీళ్ళు కూడా వచ్చాయి. సంచిలోంచి లడ్డూలు తీసి కనపడ్డవాళ్ళందరి చేతుల్లో పెట్టాడు. డాక్టర్ షమీమ్ దగ్గరికి పరుగెత్తాడు.

“చూశారా మేడమ్! నా మీద కోపం లేనట్టేగా?”

ఆవిడ స్క్రీన్ మీద సన్నటి గీత కేసి చూస్తోంది. వంకర లేకుండా తిన్నగా ఉందది. “ఇంత నిలకడైన చెయ్యి నేనింతవరకూ చూడలేదండీ,” అంది. లడ్డూ తీసుకోలేదు. “లోపల పెనుగులాట అయిపోయిందని మాత్రమే మిషన్ చెబుతుంది. ఎటు తేలిందో అది చెప్పలేదు.”

తన్మయి కత్తిని కాగితం మీద ఒకసారి నడిపి చూసుకుంది. కాగితం చప్పుడు లేకుండా రెండయింది. తోలు ఒరలో పెట్టి చేతిసంచిలో వేసుకుని, అతని దగ్గరికి వచ్చింది.

“నేను సాయంత్రం ఏలూరు వెళ్తున్నానండీ. క్యాంటీన్ వాళ్ళకి నేనే ఫోన్ చేశాను. సొంత కత్తి ఉంటే రేపే రమ్మన్నారు.”

“ఏలూరా? మళ్ళీ ఎప్పుడొస్తావ్?”

“రానండీ,” అంది మామూలుగా, కూరలు తేవడానికి వెళ్తున్నట్టు. “పప్పు, పచ్చడి ఫ్రిజ్‌లో పెట్టాను. రెండు రోజులకి సరిపోతాయి.”

ఆవిడ గేటు దాటి ఆటో ఎక్కేదాకా వంశీధర్ లడ్డూ పొట్లం పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

ఆ మాటలేవీ చెవిన పడని సుగుణ పిన్ని వెనకనుంచి వచ్చి, పొట్లంలోంచి ఇంకో లడ్డూ తీసుకుని అతని వీపు తట్టింది.

“చూశావా అబ్బాయ్, అనవసరంగా అనుమానపడ్డాం. మిషన్ అబద్ధం చెప్పదుగా! నీ మీద ఆ పిల్లకి పిసరంత కోపం కూడా లేదు.”