కంపు కొట్టని తొట్టి

డిటెక్టివ్ ఇంటికి వచ్చిన మనిషి కుర్చీ చూపించినా కూర్చోలేదు. ఊరి మురుగునీటిని శుభ్రం చేసే ప్లాంటులో ఆపరేటర్ భార్య ఆమె.

"తొట్టిలో ఎవరో మందు కుమ్మరించారండీ. మురికినీళ్ళు అలాగే ఉప్పుటేట్లోకి పోయి చేపలు చచ్చి తేలాయి. మా ఆయనే చేశాడంటున్నాడు మేనేజరు. సాయంత్రం పోలీసులకి అప్పగిస్తాడట."

"మీ ఆయనేమంటాడు?"

"ఏమీ అనడు. చేయలేదని కూడా అనడు. అదేగా నా భయం."

డిటెక్టివ్ చెప్పులు వేసుకుంది. కేసుల్లో ఆమెకు కుడిభుజమైన ఆడపడుచు పొయ్యి కట్టేసి వెనకే నడిచింది. ఆ ఇంట్లో కేసు ఉన్నరోజు కూర ఉడకదు.

ప్లాంటులో పెద్ద తొట్టి గాలి బుడగలతో కుతకుతలాడుతోంది. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్న ఆడపడుచు కాసేపటికి తీసేసింది.

"వదినా, ఇక్కడ ఆసుపత్రి వాసనొస్తోందేం?"

"పురుగులన్నీ పోయాయండీ," అన్నాడు గట్టు మీద కూలబడ్డ ఆపరేటర్.

"పోతే మంచిదేగా," అంది ఆడపడుచు.

"ఇక్కడ మంచిది కాదమ్మాయ్. కంటికి కనపడని జీవాలవి. మురికిని తిని నీళ్ళను బాగుచేస్తాయి. వీళ్ళ భాషలో వాటి పేరు పురుగులు," అంది డిటెక్టివ్.

చివరి తొట్టి పక్కన నాలుగు ఖాళీ బస్తాలు అంచుకు అంచు కలిపి మడతపెట్టి ఉన్నాయి.

"బ్లీచింగ్ పౌడరు. ఏట్లోకి వదిలేముందు చారెడు వేసేది. అదంతా తెచ్చి పెద్ద తొట్టిలో పోశాడు," అన్నాడు మేనేజరు.

"ఇక్కడికి ఎవరెవరు వస్తారు?"

"నేను, వీడు, ఆవరణ ఊడ్చే వీళ్ళమ్మ. మందు పోసిన రోజు నేను ఊళ్ళో లేను. మర్నాడే అధికార్ల తనిఖీ."

అక్కడి నుంచి ఆపరేటర్ ఇంటికి వెళ్ళారు. అద్దంలా మెరిసే గచ్చు మీద అడుగు వేయాలంటే ఆడపడుచుకు మొహమాటం వేసింది. ఆపరేటర్ తల్లి తుడిచిన వంటగట్టునే మళ్ళీ తుడుస్తోంది. కిటికీలో ఖాళీ పాల కవర్లు కడిగి, ఆరబెట్టి, అంచుకు అంచు కలిపి మడతపెట్టి ఉన్నాయి.

"మీ అబ్బాయి పని సంగతులు చెప్తుంటాడా అమ్మా?"

"మనకెందుకమ్మా అవన్నీ," అందామె, గుడ్డ పిండుతూ.

సాయంత్రం డిటెక్టివ్ అందరినీ ప్లాంటు ఆఫీసులో కూర్చోబెట్టింది. మేనేజరు చెయ్యి ఫోను మీదే ఉంది.

"కసితో పోసినవాడు బస్తాలు విసిరేసి పోతాడు," అంది డిటెక్టివ్. "ఇక్కడ పోసిన మనిషి వాటిని మడతపెట్టింది. మేనేజరుగారూ, మీ బల్ల మీద కాగితాల కుప్ప చూశాను, మడతపెట్టడం మీ అలవాటు కాదు. ఆపరేటర్ చూస్తే పెంచుకున్న కుక్క పోయినవాడిలా ఉన్నాడు. మరెవరు? పొద్దున పురుగులన్న మాటను నా ఆడపడుచు అపార్థం చేసుకుంది. అంతకుముందే ఇంకొకరూ చేసుకున్నారు. పెద్దమ్మగారూ, మీవాడు ఏమనగా విన్నారు?"

ముసలామె కొంగు అంచుకు అంచు కలిపి మడతపెట్టింది.

"ఫోన్లో ఎవరితోనో, తొట్టినిండా పురుగులు బ్రహ్మాండంగా పెరిగాయి, రేపు అధికార్లు చూస్తారు అన్నాడు. చూస్తే ఉద్యోగం ఉంచుతారా? వాడు భోజనానికి వెళ్ళినప్పుడు నేనే పోశాను. పనికొచ్చేవని నాకేం తెలుసు. తర్వాత చేపలు తేలేసరికి నోరు పెగల్లేదు."

"బస్తాలు చూడగానే నాకు తెలిసిందమ్మా," అన్నాడు కొడుకు.

"అమ్మ కోసం జైలుకైనా పోతావు, నాకు మాత్రం ఒక్క ముక్క చెప్పవు," అంది భార్య. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు అప్పుడొచ్చింది.

"పక్క ఊరి ప్లాంటులో పురుగులు బతికున్న బురద ఉంటుంది. తెచ్చి కలిపితే పురుగులు మళ్ళీ పెరుగుతాయి. అంతవరకు ఏటివైపు గేటు మూసి, నీళ్ళను ప్లాంటు ఆవరణలోని ఖాళీ చెరువులోకి మళ్ళించండి," అంది డిటెక్టివ్.

మేనేజరు ఫోను తీశాడు. మాట్లాడింది పక్క ఊరితో.

"పొద్దున్నే రెండు ట్యాంకర్ల బురద వస్తోంది," అన్నాడు, ఎవరి మొహమూ చూడకుండా. "దింపడానికి నాకు ఆపరేటర్ కావాలి. పోలీసులెందుకు?"

"రెండు ట్యాంకర్ల బురదా! ఇప్పుడే ఊడ్చిన ఆవరణలో..." అని మొదలుపెట్టిన అత్తగారు, కోడలు చూసిన చూపుకు అక్కడితో ఆగిపోయింది.