ఇష్టవయసు

గళమాపనం ముగిసింది. నళిని మెడకు అంటించిన పలుచటి పట్టీని సరిచేసి, ఫిరోజ్ పాట వినే చెవిపూసను సర్దుకుని తెర మీది గీతలు చూసుకున్నాడు.

"స్వరఛాయ బాగా పట్టింది మేడమ్. సాయంత్రం మీరు మెల్లగా పాడినా చాలు."

"ఫిరోజ్, నా పాట నువ్వెప్పుడైనా విన్నావా?"

"రోజూ వింటున్నా కదా!"

"చెవిపూస తీసి?"

అతను తడబడ్డాడు. "ఆ అవసరం రాలేదు మేడమ్. గీతల్లో అన్నీ తెలుస్తాయి."

డెబ్బై దాటిన నళిని బెహరా ఒకప్పుడు తన పాప్ పాటలతో విశాఖ కాలేజీలను ఊపేసిన మనిషి. ఇవాళ విశాఖలోనే కచేరీ, తర్వాత రాజమండ్రి, వరంగల్. టికెట్లన్నీ అమ్ముడైపోయాయి. టికెట్ కొనేటప్పుడే శ్రోతలు ఇష్టవయసు, అంటే ఏ వయసు నళిని గొంతు వినాలో, ఎంచుకుంటారు. ఆమె గొంతును అనుకరించే యంత్రం స్వరఛాయ, ఎవరు కోరిన నళినిని వారి చెవిపూసలో పాడిస్తుంది. ఎక్కువమంది ఇరవైల్లోని గొంతే అడుగుతారు. ఇప్పటి గొంతును ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు.

వాద్యబృందం కూడా చెవిపూసల్లోకి వెళ్లిపోయి చాలాకాలమైంది. మేకప్ గదిలో ఆమె ఒక్కతే పెరుగన్నం తిని, ఒక్కతే చీర సర్దుకుని వేదిక ఎక్కింది.

హాలు నిండిపోయింది. స్పీకర్లు లేవు. ఆమె పల్లవి ఎత్తుకోగానే వేలమంది కళ్లు మూసుకున్నారు.

"ఆఖరి బస్సు వెళ్లిపోయింది, బీచి రోడ్డిక మనదే..."

చరణం మధ్యలో పొరబోయింది. నళిని వంగిపోయి దగ్గింది. ముందు వరుసలో ఒక్క ముఖమూ చెదరలేదు. ఆమె నోరు మూసుకుని నిలబడింది. తలలు లయగా ఊగుతూనే ఉన్నాయి. చరణం అయ్యాక అందరూ ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు.

ఇంతమంది మధ్య ఇంత ఒంటరితనం ఆమె ఎన్నడూ ఎరగదు.

మెడ పట్టీని పీకి కింద పడేసి, వేదిక మెట్లు దిగింది.

పక్కనుంచి ఫిరోజ్ కంగారుగా, "మేడమ్, పట్టీ! మీరెక్కడున్నారో స్వరఛాయకు తెలియదు!" అన్నాడు.

"తెలియకపోనీ."

మొదటి వరుసలో, నెరిసిన జుట్టును క్లిప్పుతో బిగించిన ఒకావిడ ముందు ఆగి, నళిని ఆమె భుజం తట్టింది. ఆవిడ ఉలిక్కిపడి కళ్లు తెరిచింది. నళిని తన చెవిని చూపించింది. ఆవిడకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక చెవిపూస తీసి ఒళ్లో పెట్టుకుంది.

నళిని పాడింది. గొంతు బొంగురుగా వచ్చింది, పై స్థాయిలో చీలింది. ఆవిడ రెప్ప వేయకుండా వింది. పక్కనున్న కుర్రవాడు ఆవిడను చూసి తనూ తీశాడు. ఆ వెనక ఇంకొందరు.

"చెవిపూస జారింది, సరిచేసుకోండి" అని హెచ్చరిస్తూ కుర్చీల దీపాలు ఎరుపెక్కాయి. కొత్త చెవిపూసల పళ్లేలతో సిబ్బంది పరుగెత్తుకొచ్చి, ఎవరికి ఇవ్వాలో తోచక నడవాలో నిలిచిపోయారు. హాలులో చాలామంది ఇంకా కళ్లు మూసుకునే ఊగుతున్నారు.

మొదటి వరుసలోని ఆవిడ లేచి నిలబడింది.

"గట్టిగా పాడమ్మా! ఎనకున్నోళ్లకి ఇనపడతా నేదు!"

నళిని గాలి నిండా పీల్చుకుంది. శ్రుతి కాస్త తగ్గించుకుని, పల్లవి మళ్లీ మొదటినుంచి ఎత్తుకుని, వెనక వరుసల వైపు మెట్లు ఎక్కసాగింది.