యోగేశ్ పేరున్న లైను

వాన పొద్దున్నుంచీ వదల్లేదు. నరసరావుపేటలో ఆ చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు వరండాలో గొడుగులన్నీ నీళ్లోడుతున్నాయి. దేవిక కంప్యూటర్లో, క్లయింటుకి పంపాల్సిన ప్రోగ్రామును కూర్చే పని, అదే బిల్డ్, మళ్లీ ఆగిపోయింది.

"ఏందమ్మా దేవికా, ఇంకా కాలేదా? సాయంత్రానికి పంపకపోతే క్లయింటు మనల్ని వదిలేస్తాడు," అన్నారు మేనేజర్ బ్రహ్మానందం గారు వెనక నిలబడి.

"చూస్తున్నా సార్."

చూడటానికేమీ లేదు. ఎందుకు ఆగిందో ఆమెకు తెలుసు. ఆ ఆఫీసు కంప్యూటర్లు ఇంటర్నెట్‌లోకి వెళ్లాలంటే ప్రాక్సీ అనే కాపలావాడికి పేరు, పాస్‌వర్డ్ చెప్పాలి. బిల్డ్‌ని నడిపే ఆదేశాల ఫైల్లో, అంటే స్క్రిప్టులో, ఆ లైను దగ్గర ఆమెతో పనిచేసిన యోగేశ్ తన పేరూ, పాస్‌వర్డే రాసిపెట్టాడు. అతనేమో ఉద్యోగం మానేసి నడికుడి వెళ్లిపోయాడు. ఇవాళ అతని అకౌంట్ మూసేశారు.

వాళ్ల మొదటి గొడవే ఆ లైను మీద.

"పాస్‌వర్డ్ తెచ్చి స్క్రిప్టులో పెడతారా ఎవరైనా? బుర్ర ఉందా?" అని అతను చేరిన కొత్తలో దేవిక అందరి ముందూ కడిగేసింది.

"మరెక్కడ పెట్టాలో నేర్పండి మేడమ్."

నేర్పింది. ఎవరి వివరాలు వాళ్ల కంప్యూటర్లోనే ఉంచితే, స్క్రిప్టు అక్కణ్నుంచి తీసుకుంటుందని చూపించింది. బుద్ధిగా తలూపాడు కానీ మార్చలేదు.

"నా పేరు రోజూ మీ కళ్లబడాలిగా!" అని నవ్వేవాడు. కొన్నాళ్లకి మేడమ్ కాస్తా దేవిక అయింది.

పోయిన నెల ఇలాంటి వానలోనే, బస్టాండ్ దగ్గర, "మీ ఇంట్లో మాట్లాడనా?" అని అడిగాడు. భయమేసి నవ్వేసింది. అది భయమని అతనికేం తెలుసు? ఎగతాళి అనుకున్నాడు. మర్నాడే రాజీనామా ఇచ్చాడు. వెళ్లొద్దని ఆమె ఒక్క మాటా అనలేకపోయింది.

ఇప్పుడా లైను మార్చడం చిటికెలో పని. అయినా కర్సర్ అక్కడే పెట్టుకుని కూర్చుంది. అది చెరిపేస్తే ఈ ఆఫీసులో అతనిదంటూ ఏదీ మిగలదు. ఏడుపొచ్చింది. ఫోన్ తీసింది.

"ఏంది?" యోగేశ్ గొంతు ముభావంగా ఉంది.

"బిల్డ్ ఆగిపోయింది. ప్రాక్సీ నీ పేరు ఒప్పుకోవట్లా. ఎట్టా మార్చాలో తెలీట్లేదు."



"నీకు తెలీదా? నాకు నేర్పిందే నువ్వు."

దొరికిపోయింది. ఇక దాచడానికేముంది?

"తెలుసు. తీసేయడానికి చెయ్యి రావట్లా. ఆ రోజు భయమేసి నవ్వాను యోగేశ్. నాన్న ఏమంటాడోనని. నిన్ను చూసి కాదు."

ఫోన్ పెట్టేశాడేమోనని చూసుకుంది.

"ఇప్పుడు భయం పోయిందా?"

"చానా ఉంది. అయినా వచ్చి మాట్లాడు."

"ముందా లైను తీసేసి బిల్డ్ పంపు. పాపం, సార్‌ని ఏడిపించబాక. నేను బస్సెక్కుతున్నా."

"ఈ వానలోనా?"

"అప్పుడూ వానలోనే అడిగాగా."

యోగేశ్ పేరు చెరిపేసింది. ఆ చోట ఎవరి కంప్యూటర్లోని వివరాలు అక్కణ్నుంచే తీసుకునేలా రాసింది. బిల్డ్ ఆగకుండా చివరిదాకా నడిచింది.

"అయిందామ్మా?"

"అయింది సార్. కాస్త ముందు వెళ్లొచ్చా? బస్టాండ్‌లో పనుంది."

వరండాలోంచి గొడుగు అందుకుంది. ఈసారి నవ్వకూడదు, నవ్వొచ్చినా అతని చెయ్యి పట్టుకునే నవ్వాలి అనుకుంటూ మెట్లు దిగింది.